మిన్యో డోలు మోగని ఆదివారాలు

మా ఊళ్ళో మిన్యో మాట్లాడుతుంటే ఎవరూ చివరిదాకా ఆగరు. పొగరుతో కాదు, జాలితోనే. అతనికి నత్తి. మొదటి అక్షరం దగ్గరే మాట ఇరుక్కుంటుంది, మెడ నరాలు ఉబ్బుతాయి, కళ్ళు గట్టిగా మూసుకుంటాడు. చూసేవాళ్ళకు ఊపిరాడదు. అందుకని రొట్టెల కొట్టువాడి దగ్గర్నుంచి చర్చి గురువు దాకా అందరూ అతని మాటను మధ్యలో అందుకుని తామే పూర్తి చేసి పంపేస్తారు. ఒకసారి పోస్టాఫీసులో నోరు తెరవగానే స్టాంపులు చేతిలో పెట్టారు. పాపం, అతను అడగబోయింది ఆ పోస్టాఫీసు ఆవిడ కూతురికి జ్వరం తగ్గిందా అని. స్టాంపులు జేబులో వేసుకుని ఇంటికొచ్చాడు.

ఆ నోరే ఆదివారం మధ్యాహ్నం మా ఫుట్‌బాల్ జట్టు స్తక్లార్ స్టేడియంలో చూడాలి. ఉత్తరం వైపు గోలు వెనక సిమెంటు మెట్ల మీద, పొట్టకు డోలు కట్టుకుని నిలబడితే మిన్యో వేరే మనిషి. కర్ర పడగానే "ఎవరిది ఈ ఊరు?" అని గొంతెత్తేవాడు. మెట్ల మీది జనమంతా "స్తక్లార్‌ది" అని అందుకునేవారు. నత్తి జాడ ఉండేది కాదు. పాటలో నత్తి కొందరికి పోతుందని డాక్టరు చెప్పాడట. మిన్యో ఇంట్లో అద్దం ముందు నిలబడి డోలు కొడుతూ ప్రయత్నించాడు. రాలేదు. అతనికి ఆ మెట్లు కావాలి, ఆ జనం కావాలి, ఆ పేరు కావాలి.

స్టేడియం గేటుకు ఎదురుగా ఉన్న క్రచ్మా, అదే తాగుడు కొట్టు, నాదే. పళ్ళ సారా రాకియా పోస్తాను, పేగుల సూపు వండుతాను, మగవాళ్ళ ఫుట్‌బాల్ తగాదాలు వింటాను. మూడోది మాత్రం ఉచితం. ముప్పై ఏళ్ళుగా మిన్యోను నా కొట్టు కిటికీలోంచే చూస్తున్నాను కాబట్టి అతని గురించి చెప్పే హక్కు నాకుంది.

అతను గాజు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పనిచేసేవాడు. ఆ రొదలో ఎవరూ మాట్లాడరు, చేతులతోనే సైగలు చేసుకుంటారు. కాబట్టి అక్కడ అతనికి ఏ లోటూ లేదు. స్తక్లార్ జట్టును పెట్టింది కూడా ఆ గాజు పనివాళ్ళే. తర్వాత ఫ్యాక్టరీ మూతపడింది, పొగగొట్టం కూల్చేశారు, జట్టు మాత్రం మిగిలింది. మా ఊళ్ళో మాదీ అని చెప్పుకోవడానికి మిగిలినదల్లా అదే.

తింకాను అతను పెళ్ళికి ఒప్పించింది కూడా ఆ మెట్ల మీదే. వీధిలో అడగబోతే మాట రాలేదు, ఆ పిల్ల పాపం నిలబడి నిలబడి బస్సు వస్తే ఎక్కి వెళ్ళిపోయింది. తర్వాతి ఆదివారం ఆట మధ్యలో డోలు కొట్టి తింకా పేరు అందుకున్నాడు. మెట్లన్నీ కలిసి "తింకా, ఒప్పుకో" అని పాడాయి. అవతలి జట్టు గోల్‌కీపరు ఏమైందో అని వెనక్కి తిరిగి చూశాడు, మా వాళ్ళు గోలు కొట్టేశారు. ఆ గోలు చెల్లదని అవతలి ఊరివాళ్ళు ఇప్పటికీ అంటారు. తింకా మాత్రం ఒప్పుకుంది. మంచి మనిషి. ఊళ్ళో అతని మాట పూర్తయ్యేదాకా ఆగేది ఆవిడొక్కతే, ఊలు అల్లుకుంటూ, తొందరలేకుండా. ఆవిడ పోయాక మిన్యో వారంలో ఆరు రోజులు ఇతరులు పూర్తి చేసిన మాటలతో బతికాడు. ఏడో రోజు ఒక్కటే అతనికి సొంత నోరు. ఇది నేను కల్పించి చెబుతున్నది కాదు. సోమవారం పొద్దున కాఫీకి వచ్చినప్పుడు ఆ ముఖంలో వెలుగు చూసేదాన్ని.

ఇక కోచ్ సంగతి. త్రాన్చెవ్ అని కొండల అవతలి నుంచి వచ్చాడు. ముభావంగా ఉండే మనిషి. నవ్వితే పళ్ళు అరిగిపోతాయన్నట్టు ఉంటాడు. అతని చేతిలో స్తక్లార్ ఆడే ఆట చూస్తే నిద్రొచ్చేది, కానీ గెలిచేది. ఒక గోలు కొట్టడం, ఆ తర్వాత తలుపులన్నీ బిగించుకుని కూర్చోవడం. అలా అలా గెలుచుకుంటూ రెండో డివిజన్లో అందరికంటే పైన నిలబడ్డాం. ఇంకో నాలుగు ఆటలు గట్టెక్కితే పెద్ద డివిజన్. మా ఊరు పుట్టాక అంత ఎత్తుకు వెళ్ళింది లేదు.

అలాంటి సమయంలో ఒక సోమవారం పొద్దున క్లబ్బు యజమాని బుర్జేవ్ త్రాన్చెవ్‌ని తీసేశాడు. భవిష్యత్తు గురించి ఇద్దరి ఆలోచనలూ కలవలేదని గేటుకు కాగితం అంటించారు. అంతే. ముందురోజే మేం గెలిచాం.

మధ్యాహ్నానికల్లా నా కొట్టు నిండిపోయింది. పనికి పోవాల్సినవాళ్ళు కూడా వచ్చారు. ఎవరి కారణం వాళ్ళది. మాంసం కొట్టు గాంచో, బుర్జేవ్ తన మేనల్లుణ్ణి ఆడించమంటే కోచ్ ఆడించలేదన్నాడు. ఇంకొకరు, కోచ్ ఎదుటి జట్లతో కుమ్మక్కయ్యాడన్నారు. కుమ్మక్కయితే ఓడిపోవాలి కదరా, గెలవడానికెందుకు కుమ్మక్కు అని పక్కనుంచి ఎవరో గాలి తీసేశారు. త్రాన్చెవ్ ఆట చూడ్డం కంటే గోడకు సున్నం ఆరడం చూడటం నయమని ఒక వర్గం. చూడ్డానికి అందంగా ఉండాలంటే నాటకానికి పొమ్మని ఇంకో వర్గం. గాంచో త్రాన్చెవ్ కోసం కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే పెంచెవ్ మాస్టారు ఊరుకోలేదు.

"పోయిన శీతాకాలం రెండు ఆటలు ఓడగానే 'త్రాన్చెవ్, ఇంటికి పో' అని గొంతు చించుకున్నదెవరు గాంచో? నీ గొంతు నా కిటికీ దాకా వినబడింది."

"అరిచాను మాస్టారూ. ఇంటికి పొమ్మన్నాను గానీ నిజంగా పొమ్మన్నానా?" అన్నాడు గాంచో. అందరూ నవ్వారు. ఆ రోజు నవ్వింది అదొక్కసారే.

పెంచెవ్ మాస్టారు బళ్ళో భూగోళం చెప్పి రిటైరైనవాడు. మా ఊళ్ళో ఆయన మాటకు ఎదురులేదు. చేయి ఎత్తితే ఇప్పటికీ సగం ఊరు హోంవర్కు చేయలేదన్నట్టు కూర్చుంటుంది. అసలు కారణం ఆయనే చెప్పాడు. పెద్ద డివిజన్‌కు వెళితే స్టేడియానికి లైట్లు పెట్టాలి, కుర్చీలు వేయాలి, పైకప్పు వేయాలి. బుర్జేవ్‌కి అవి పెట్టే ఉద్దేశం లేదు. ఓడే కోచ్‌ని ఎవరైనా తీసేస్తారు, ఇక్కడ గెలుస్తున్నందుకు తీసేశారు అని కుండబద్దలు కొట్టినట్టు చెప్పాడు. అందరూ నిజమే అన్నారు. అంతవరకూ ఆయన తెలివి బాగానే పనిచేసింది.

ఆ తర్వాతే చెడింది. మాస్టారు ఇంకో మాటన్నాడు. త్రాన్చెవ్ తిరిగొచ్చేదాకా ఎవరూ స్టేడియంలో అడుగుపెట్టకూడదు. ఖాళీ మెట్లు చూస్తే బుర్జేవ్ దిగొస్తాడు. గాంచో సై అంటూ లేచి నిలబడ్డాడు, బల్ల గుద్దాడు, నా గ్లాసొకటి పగిలింది. కానీ కుర్రాళ్ళు మాత్రం మిన్యో వైపు చూశారు. డోలు వెళితే వాళ్ళు వెళతారు, డోలు ఆగితే ఆగుతారు. ఊళ్ళో అతని మాటకు విలువున్నది ఆ ఒక్క విషయంలోనే.

మిన్యో లేచాడు. నేను వంటగది గుమ్మంలో పళ్ళెం పట్టుకుని ఉన్నాను. బల్ల అంచు పట్టుకుని, "మ... మనం రాకపోతే..." అన్నాడు. తర్వాతి అక్షరం దగ్గర ఇరుక్కుపోయింది. ముఖం ఎర్రబడింది. చూడలేక పెంచెవ్ మాస్టారు ప్రేమగా అతని భుజం మీద చేయి వేశాడు.

"మనం రాకపోతే బుర్జేవ్‌కి బుద్ధొస్తుంది. అంతేగా మిన్యో? కూర్చో నాయనా, కూర్చో. మాకర్థమైంది."

చప్పట్లు కొట్టారు. గాంచో అతని వీపు చరిచి గ్లాసు నింపాడు. మిన్యో ఇంకా నోరు తెరిచే ఉన్నాడు. అది మెల్లగా మూసుకోవడం నేను చూశాను. అందరూ చేతులెత్తారు. అతని చెయ్యి ఎవరూ చూడలేదు, డోలు ఒప్పుకుందని అప్పటికే అనేసుకున్నారు.

మర్నాడు పొద్దున కాఫీకి వచ్చాడు. కొట్లో ఎవరూ లేరు. నేను గ్లాసులు కడుగుతూ అతని వైపు చూడకుండా ఉన్నాను, చూస్తే అతనికి ఇంకా కష్టం. ముక్కలు ముక్కలుగా చెప్పాడు. కాఫీ చల్లారిపోయింది.

"మనం రాకపోవడమే వాడికి కావాలి రుసా. ఆ నేల ఊరిది. మునిసిపాలిటీ జట్టుకిచ్చింది, జనం ఆట చూసినన్నాళ్ళూ. జనం లేకపోతే... వాడిది."

నదికి ఆనుకున్న ఆ స్థలం మీద బుర్జేవ్ కన్ను పడిందని అందరికీ తెలుసు, వాడు కట్టేవి అపార్టుమెంట్లే కదా. కానీ ఈ రెండిటినీ కలిపి చూసినవాడు ఆ గుంపులో ఇతనొక్కడే. వెళ్ళి చెప్పమన్నాను. నువ్వు చెప్పు అన్నట్టు నా వైపు చూపించాడు. చెప్పాను. ఆ సాయంత్రమే, అందరి ముందూ, ఇది మిన్యో మాట అని మరీ చెప్పాను.

"వదినా, మిన్యో ఒప్పుకున్నాడు, మేమంతా విన్నాం," అన్నాడు గాంచో. "నీ అమ్మకాలు పడిపోతాయని భయమా? సూపు సంగతి చూడు."

మిన్యో అక్కడే ఉన్నాడు. నోరు తెరవబోయాడు. నలుగురు ఒకేసారి అతని బదులు మాట్లాడారు, నాలుగు రకాలుగా. అతను టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో గరిటె ఉంది గానీ వాడితే పోలీసులు వస్తారని ఆగాను.

నువ్వొక్కడివే వెళ్ళి డోలు కొట్టొచ్చుగా అని తర్వాత అడిగాను. కొట్టలేనన్నాడు. ఒక్కడే కొడితే అది పాట కాదు, పైగా మాట తప్పినవాణ్ణి అవుతానన్నాడు. ఇవ్వని మాటకు కూడా కట్టుబడే రకం.

మొదటి ఆదివారం మా వాళ్ళు గేటు బయట పండగలా నిలబడ్డారు. జట్టు చనిపోయిందంటూ సంతాప కాగితాలు అచ్చువేయించి కరెంటు స్తంభాలకు అంటించారు. మా దగ్గర మనుషులు పోతే ఎక్కడ అంటిస్తారో సరిగ్గా అక్కడే, నల్ల అంచుతో, జట్టు చిహ్నం ఫొటోతో సహా. ముసలమ్మలు ఆగి చదివి శిలువ గుర్తు వేసుకున్నారు. బతికున్నవాళ్ళకు ఇలాంటివి అంటించకూడదని ఒకావిడ తిట్టింది కూడా. మా వాళ్ళు నవ్వారు. లోపల ఈల వినబడింది, బంతిని తన్నిన చప్పుడు వినబడింది, ఆటగాళ్ళు ఒకరినొకరు పిలుచుకోవడం వినబడింది. అంతవరకూ మాకెప్పుడూ వినబడని చప్పుళ్ళవి. మిన్యో గుంపులో లేడు. వెనక నది గట్టు మీద ఒక్కడే కూర్చుని ఉన్నాడని తర్వాత తెలిసింది. ఆ రోజు ఓడాం.

మిగిలిన ఆటలూ పోయాయి. ఆడే కుర్రాళ్ళను మాత్రం ఏమనగలం? ఖాళీ మెట్ల ముందు ఆడటం అంటే ఖాళీ ఇంట్లో వండుకోవడమే. పెద్ద డివిజన్ చేజారింది. బుర్జేవ్ దిగిరాలేదు సరికదా, నిమ్మకు నీరెత్తినట్టు ఉన్నాడు. ఒక ఫొటోగ్రాఫరు మాత్రం ప్రతి ఆటకూ వచ్చి మైదానాన్ని వదిలేసి మెట్లనే ఫొటోలు తీసుకున్నాడు. అప్పుడైనా మా వాళ్ళకు అనుమానం రావాలి. పత్రికవాడు, మన పోరాటం దేశమంతా చూస్తుంది అన్నారు.

ఎండాకాలంలో ఆ ఫొటోలు మునిసిపాలిటీ సభలో గోడ మీద కనబడ్డాయి. ఈ ఊరికి ఫుట్‌బాల్ అక్కర్లేదు, చూడండి, ఒక్క మనిషి లేడు అన్నాడు బుర్జేవ్. అబద్ధమని ఎవరనగలరు? పెంచెవ్ మాస్టారు లేచి చాలా బాగా మాట్లాడాడు. ఎంత బాగా మాట్లాడినా ఫొటోలో మెట్లు ఖాళీగానే ఉన్నాయి. స్థలం బుర్జేవ్‌కి పోయింది. కొత్త ఏడాదికి జట్టు పేరు నమోదు చేయలేదు. గేటుకు రేకులు కొట్టారు. స్తంభాల మీద వానకు వెలిసిపోయిన మా సంతాప కాగితాలు ఇంకా అలాగే ఉన్నాయి. మేమే చంపి, మేమే ముందుగా చాటింపు వేశాం.

ఇంత జరిగాక నోరు మూసుకుంటారనుకున్నారా? లేదు. నా కొట్లో వాదన ఇప్పటికీ సాగుతూనే ఉంది. తప్పు త్రాన్చెవ్‌దని, ఉద్యోగం పోయాక ఒక్క మాటైనా అనకుండా వెళ్ళిపోయాడని గాంచో. తప్పు మునిసిపాలిటీదని మాస్టారు. ఇంకో వారం పట్టుబట్టి ఉంటే బుర్జేవ్ లొంగేవాడని నమ్మేవాళ్ళు కూడా ఉన్నారు. వాళ్ళకు రాకియా నీళ్ళు కలిపి పోస్తాను. మిన్యో ఆ మూల బల్ల దగ్గర కూర్చుంటాడు. ఏం కావాలన్నా వేలితో చూపిస్తాడు. మాట మొదలుపెట్టడమే మానేశాడు, ఎవరూ పూర్తి చేయాల్సిన పని లేకుండా పోయింది. ఎంత ప్రశాంతంగా ఉన్నాడో అని మాస్టారు మెచ్చుకున్నాడు.

శరదృతువులో గాంచోకు ఒక ఆలోచన వచ్చింది. వాడి మనసు చెడ్డది కాదు, నోరే తొందర. త్రాన్చెవ్ ఇప్పుడు కొండల అవతల మ్రామోర్‌లో, పాలరాయి గనుల ఊళ్ళో కోచ్‌గా ఉన్నాడు. అక్కడ కూడా అదే నిద్ర ఆట, అవే గెలుపులు. మిన్యోని, డోలుని అక్కడికి తీసుకెళితే మనిషి మళ్ళీ మనిషవుతాడన్నాడు గాంచో. మిన్యో చాలాసేపు ఆలోచించాడు. తర్వాత ఇంటికి వెళ్ళి డోలు తెచ్చాడు. తోలు వదులైతే కొట్టు ముందు ఎండలో కూర్చుని బిగించుకున్నాడు. ఆ చేతులు చూసి నాకు ఆశ పుట్టింది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఆదివారాలు నా కొట్టుకు ఎలాగూ ఎవరూ రావడం లేదు. తాళం వేసి, మాంసం వ్యానులో వాళ్ళ మధ్య ఇరుక్కుని కూర్చున్నాను.

మ్రామోర్ వాళ్ళు చాలా మర్యాదస్తులు. మేం ఎవరమో తెలియగానే మెట్ల మీద ముందు వరుసలో చోటిచ్చారు, పొద్దుతిరుగుడు గింజల పొట్లాలు చేతుల్లో పెట్టారు. స్తక్లార్ డోలు వచ్చిందని ఒకరికొకరు చెప్పుకున్నారు. మా సంగతి వాళ్ళూ విన్నారు. త్రాన్చెవ్ బెంచీ దగ్గర నుంచి మమ్మల్ని చూసి, అంత ముభావంగా ఉండేవాడూ టోపీ తీశాడు. గాంచో ముక్కు చీదుకున్నాడు.

వాళ్ళ పాట కూడా మా పాటలాంటిదే. ఎవరిది ఈ కొండ అని ఒకరు పిలిస్తే మ్రామోర్‌ది అని అందరూ అందుకోవాలి. ఎప్పుడూ పిలిచేవాడు గనిలో పనిచేసే మనిషి, లావుపాటివాడు, మంచివాడు. ఆ రోజు పిలుపు అతిథిదే అని పక్కకు జరిగి చోటిచ్చాడు. జనమంతా మా మిన్యో వైపు తిరిగారు. కొత్త ముఖాలే గానీ మెట్లు మెట్లే, జనం జనమే. వస్తుంది, ఎందుకు రాదు అనుకున్నాను.

కర్ర పడింది. దెబ్బ బాగానే పడింది. మిన్యో గొంతెత్తాడు, "ఎ..." అన్నాడు. అక్కడే ఆగిపోయాడు. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ అక్కడే. మెడ నరాలు ఉబ్బాయి, కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. రొట్టెల కొట్లో, పోస్టాఫీసులో ఎన్నోసార్లు చూసిన ముఖమే అది. డోలు కట్టుకున్న మిన్యోకు ఆ ముఖం ఉండటం నేనెప్పుడూ చూడలేదు. గాంచో ముఖం తిప్పేసుకున్నాడు.

వాళ్ళు నవ్వలేదు. నవ్వినా బాగుండేది. ఆ లావుపాటి గని మనిషి మిన్యో భుజం చుట్టూ చేయి వేసి, అతని బదులు తనే "ఎవరిది ఈ కొండ?" అని పిలిచాడు. మెట్లన్నీ మ్రామోర్‌ది అని అందుకున్నాయి. పాట సాగిపోయింది.

మిన్యో మెల్లగా పట్టీలు విప్పాడు. డోలు తీసి ఆ మనిషి చేతుల్లో పెట్టాడు, పైన కర్రలు కూడా పెట్టాడు. అతను అది తమ జట్టుకు కానుక అనుకుని, సంతోషం పట్టలేక మిన్యోను గట్టిగా కౌగిలించుకున్నాడు.